గద్దల ఫోటోలకు పోయే ముందు కాళ్ల కింద చూసుకోండి

నవంబరు వానలు తెరిపిచ్చి బీళ్లు ఆరడం మొదలైతే, మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వేటపక్షుల ఫోటోలకు మంచి రోజులు వచ్చినట్టే. మధ్య ఆసియా నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు గడ్డి మీద బాగా కిందగా తిరుగుతుంటాయి. శేషాచలం అంచుల్లో పాముల గద్దలు, పులికాట్ వైపు గరుడపక్షులు ఎలాగూ ఉంటాయి. ఏ లెన్స్ కొనాలన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. ముందు నేల సంగతి చూద్దాం.

మన పొలాల్లో పిట్టగోడ లేని పాత బావులు చాలా ఉన్నాయి. కొన్నింటి అంచున గడ్డి పెరిగి, నాలుగడుగుల దూరంలోకి వచ్చేదాకా బావి ఉన్నట్టే తెలియదు. కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి గద్ద వెంట నడిచేవాళ్లకు ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. నడిచేటప్పుడు కెమెరా దించండి, తీసేటప్పుడు నిలబడండి. రెండూ కలిపి చేయొద్దు.

ఇంకోటి, అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు, నాటుబాంబులు. చట్టప్రకారం నేరమే, అయినా అక్కడక్కడా పెడుతున్నారు. చెనిక్కాయ చేలోకో, చెరకు తోటలోకో దిగేముందు "అన్నా, రాత్రి తీగ ఏమన్నా లాగినారా?" అని రైతును అడగడానికి మొహమాటపడొద్దు. అడిగితే గద్ద రోజూ ఏ చెట్టు మీద వాలుతుందో కూడా ఆయనే చెబుతాడు. గడ్డిలో రక్తపింజరి ఉంటుంది కాబట్టి చెప్పులతో పోవద్దు, బూట్లు వేసుకోండి. కాటు పడితే నాటు మందుల జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికే.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి దగ్గరైతే ఏనుగుల భయం. తెల్లారి ఊరివాళ్లు చేలకు పోవడం మొదలయ్యాకే మీరూ కదలండి. శేషాచలం అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఎర్రచందనం నిఘా ఉన్న చోట చీకట్లో పెద్ద బ్యాగుతో దొరికితే మీ మాట నమ్మేదెవరు? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. పొద్దు వాలాక అడవి అంచున ఒంటరిగా కూర్చోవడం మానుకోండి. తిరుమల, శ్రీహరికోట పరిసరాల్లో డ్రోన్ ఊసే వద్దు.

ఇక ఫోటో సంగతి. కదలకుండా ఒకచోట ఉంటే మీకు క్షేమం, బొమ్మ కూడా బాగా వస్తుంది. గద్ద గాలికి ఎదురుగా లేస్తుంది. ఈ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, పొద్దు ఆగ్నేయాన పొడుస్తుంది. అందుకని తూర్పును వీపు వైపు పెట్టుకుని నిలబడితే వెలుగు పక్షి మీద పడుతుంది, లేచే పక్షి చాలాసార్లు మీ వైపే వస్తుంది. అది రెట్ట వేసి, ఒళ్లు ముందుకు వంచిందంటే ఎగరబోతోందని లెక్క. అప్పుడే బటన్ నొక్కి పట్టుకోండి. షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. తెల్లటి ఆకాశం ముందు పక్షి నల్లగా పడుతుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే కెమెరాకు అందే వెలుతురు రెండింతలు చేయండి. తొమ్మిది, పది దాటాక వేడిగాలి ఎక్కి పక్షులు పైకి పోతాయి, నేల మీది వేడి సెగకు దూరపు బొమ్మలు అలుక్కుపోతాయి. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా టిఫిన్‌కు పోవడమే మేలు. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను వెంటనే బయట వాడితే అద్దం మీద చెమ్మ పడుతుంది, కాసేపు బ్యాగులోనే ఉంచండి.

గూళ్ల దగ్గర మాత్రం ఏ సర్దుబాటూ లేదు. డిసెంబరు నుంచి చాలా గద్దలు గూళ్లు కడతాయి. రెక్కలు సర్దుకుంటున్న పక్షి ఆపేసి మీ వైపే గుచ్చి చూస్తున్నా, అరుస్తూ మీ పైన తిరుగుతున్నా వెనక్కి వచ్చేయండి. తల్లి లేచిపోతే గుడ్లు కాకుల పాలు. గూటినీ గుడ్లనూ ఇబ్బంది పెట్టడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది. ఫోన్‌లో కూతలు వినిపించడం, ఎలుకనో కోడిపిల్లనో ఎర వేయడం నాకు బొత్తిగా గిట్టవు. అలా వచ్చిన ఫోటోలో ఫోటోగ్రాఫర్ పనితనం ఏముంది? పిల్లిగద్దలు రాత్రి నేల మీద గడ్డిలోనే పడుకుంటాయి, సాయంత్రం ఆ బీళ్లలో టార్చి వేసుకుని తిరగొద్దు.

ఇంటికొచ్చి ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి. ఊరి పేరు, చెట్టు గుర్తులు కూడా రాయొద్దు. గూడు ఫోటో అయితే పిల్లలు ఎగిరిపోయాకే పెట్టండి.