బస్సు దారి గీద్దాం – 4వ పాఠం: మంగళగిరి మలుపు

గత పాఠంలో చెప్పిన పని చేశారా? విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, ఒక్కో స్టాపు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోమన్నాను; ఉదయం రద్దీలో ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి. కనకదుర్గ వారధి దాటేదాకా ఎంత, దాటాక ఎంత అన్న తేడా గమనించినవారికి ఈ పాఠం సులువు. గమనించనివారు నా అంకెలతో కానివ్వండి. ఇవి లెక్క కోసం తీసుకున్నవే, డిపో టైమ్‌టేబుల్‌లోవి కావు.

పల్లె వెలుగు బస్సుకు విజయవాడ నుంచి మంగళగిరికి 25 నిమిషాలు, అక్కడి నుంచి గుంటూరుకు 45. రానూపోనూ 140. రెండు చివర్లా చెరి పది నిమిషాల విరామం కలిపితే 160. ఇరవై నిమిషాలకో బస్సు నడపాలంటే 160ని 20తో భాగించండి: 8 బస్సులు. ఈ భాగహారం చేతికి అలవాటైతే రూటు పని సగం వచ్చినట్టే.

ఇప్పుడొక అర్జీ వచ్చిందనుకుందాం. ఈ బస్సులన్నీ మంగళగిరిలో పక్కకు తిరిగి ఎయిమ్స్ దాకా వెళ్లి రావాలట. న్యాయమైన కోరికే. లోపలికి ఐదు నిమిషాలు, వెనక్కి ఐదు నిమిషాలు అనుకుంటే పోతూ పది, వస్తూ పది. 160 కాస్తా 180 అయింది, 8 బస్సులు 9 అయ్యాయి. కొత్త బస్సు ఇవ్వం, ఉన్నవాటితోనే సర్దండి అంటే ఇరవై నిమిషాలకో బస్సు ఇరవై రెండున్నర నిమిషాలకోసారి వస్తుంది. అలాంటి వేళలు ఏ ప్రయాణికుడికీ గుర్తుండవు.

పోనీ, ఒక బస్సు విడిచి ఒక బస్సును తిప్పుదామా? సగటున 170 నిమిషాలు, భాగిస్తే ఎనిమిదిన్నర. మంగళగిరి పానకాల స్వామి సగం పానకం పుచ్చుకుని సగం వదులుతాడు గానీ, ఏ డిపో అర బస్సు ఇవ్వదు. అందుకని చాలామంది చేసే పని, విరామంలో చేయి పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. వారధి దగ్గర ఆలస్యమైన బస్సు తర్వాతి ట్రిప్పుకు వేళకు బయలుదేరేది ఆ పది నిమిషాల పుణ్యానే. అది తీసేస్తే ఉదయం జరిగిన ఆలస్యం సాయంత్రం దాకా వెంట వస్తుంది. డ్రైవరూ కండక్టరూ మనుషులన్న సంగతి సరేసరి.

ఇక ప్రయాణికుల నిమిషాలు. బస్సులో 40 మంది ఉన్నారు, 30 మంది మంగళగిరి దాటి పోయేవారు అనుకోండి. మలుపు వల్ల తలా పది నిమిషాలు, మొత్తం 300 నష్టం. ఆసుపత్రికి దిగే ఆరుగురికి తలా పదిహేను చొప్పున మిగిలేది 90. కాగితం మీద మలుపు ఓడిపోయింది. అయితే ఎండలో నడిచే రోగి నిమిషాన్నీ, కిటికీ పక్కన కునుకు తీసేవారి నిమిషాన్నీ ఒకే తూకంలో వేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అంకె చెప్పింది వినండి, తీర్పు మాత్రం దానికి వదిలేయకండి.

ఆ తొమ్మిదో బస్సు ఎలాగూ కావాలి కదా, దాన్ని మంగళగిరి బస్టాండుకూ ఆసుపత్రికీ మధ్యనే తిప్పితే? పోవడానికి ఐదు, రావడానికి ఐదు, ఆగడానికి పది. సరిగ్గా ఇరవై నిమిషాలు. పెద్ద బస్సులు తిన్నగా పోతాయి, చిన్న బస్సు ప్రతిదాన్నీ అందుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడుంది. విజయవాడ బస్సూ గుంటూరు బస్సూ మంగళగిరికి వేర్వేరు నిమిషాల్లో వస్తే చిన్న బస్సు ఎవరి కోసం ఆగాలి? పెన్సిలు తీయండి. 6.00కు విజయవాడలో బయలుదేరిన బస్సు గుంటూరుకు 7.10కి చేరి, పది నిమిషాలు ఆగి 7.20కి కదిలి, 8.05కు మంగళగిరి వస్తుంది. విజయవాడలో 7.40కి బయలుదేరిన బస్సూ 8.05కే వస్తుంది. రెండూ కలిశాయి! చిన్న బస్సు 8.08కి ఇద్దరినీ ఎక్కించుకుని 8.13కు ఆసుపత్రి చేరుతుంది, 8.17కు బయలుదేరి 8.22కు తిరిగి వస్తుంది. మళ్లీ 8.25కు పెద్ద బస్సులు సిద్ధం. ఈ కలయిక అదృష్టం కాదు, గుంటూరులో పెట్టిన పది నిమిషాల విరామం చేసిన పని.

బస్సు మారడం ఎవరికీ ఇష్టం ఉండదు, చంటిపిల్లతో వచ్చే తల్లికి మరీను. ఖర్చు విషయం మాత్రం మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లె వెలుగు వంటి బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ ఇస్తున్నారు కాబట్టి, రెండో బస్సు ఎక్కినా వారికి అదనపు ఛార్జీ లేదు. మగవారికి ఉంది. అన్నట్టు, ఇకపై ఎక్కినవారి లెక్క టికెట్ల నుంచే తీయండి, వసూలైన డబ్బు నుంచి కాదు.

వచ్చే పాఠానికి పని: వారధి రద్దీ వల్ల విజయవాడ–మంగళగిరి 25 నిమిషాలకు బదులు రెండు వైపులా 30 పడుతోందనుకోండి. బస్సులు ఎనిమిదే, ఇరవై నిమిషాలకొకటే. మంగళగిరిలో బస్సులు మళ్లీ కలవాలంటే గుంటూరులో ఎంత విరామం పెట్టాలి, విజయవాడలో ఎంత మిగులుతుంది? రెండో జవాబు సున్నా వస్తే పొరపాటు చేశామని చెరిపేయకండి. ఆ సున్నాతో ఏం చేయాలో ఐదో పాఠంలో చూద్దాం.