నిపుణుల నివేదికను చదవడం ఎలా?

ఒడిశాలోని గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో ఒడియా నేర్చిన మనకు గని తాలూకు పర్యావరణ ప్రభావ నివేదిక చేతికందినప్పుడు, అంకెల కంటే ముందు ఆ కొలతలు తీయించినదెవరో చూడాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం దాన్ని తయారు చేయించేది ప్రాజెక్టు పెట్టేవారే. అంతమాత్రాన అది అబద్ధమైపోదు.

తరువాత ఏ నెలల్లో కొలిచారో వెతకండి. చాలా నివేదికలు వర్షాకాలం కాని ఒక్క రుతువు కొలతలపైనే ఆధారపడతాయి. శ్రావణంలో గట్లు ఒరుసుకుంటూ పారే గెడ్డ వైశాఖంలో రాళ్ల మధ్య సన్నని చారగా మిగులుతుంది, పట్టికలోకి ఎక్కేది ఆ చారే. మీ గెడ్డ పేరే లేకపోతే అంచున పెన్సిలుతో రాసుకోండి.

ప్రశ్న ఎవరు వేశారన్నది అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. గ్రామసభలనే అడగాలన్న 2013 సుప్రీంకోర్టు తీర్పు తరువాత నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు బాక్సైటు గనిని తిరస్కరించాయి. అక్కడ బాక్సైటు ఎంతుందని కాక, ఆ కొండ తమకేమవుతుందని అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందులు మాట్లాడారు.

ప్రాజెక్టుపై జనం మాట వినే బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన వస్తుంది. ఆలోగా ఒడియా చదవలేని పెద్దలకు నివేదిక సారాంశాన్ని తెలుగులో వినిపించి, వారి మాటలను తేదీతో సహా రాసుకోండి. విచారణ చివర కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అందులో మీ మాట వినబడేదాకా లేవకండి.