నీళ్లు అందుకోని చేతి పంపును బాగుచేయడం ఎలా?

హ్యాండిల్ ఎంత కొట్టినా నీళ్లు రావడం లేదంటే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. నీళ్లు మరీ కిందికి పోయుండాలి, లేదా ఎక్కడో గాలి దూరుతుండాలి. హ్యాండిల్ కిందికి నొక్కితే పిస్టన్ పైకి లేచి, గొట్టంలో గాలి పలచబడుతుంది. అప్పుడు బావిలో నీటిని నొక్కుతున్న బయటి గాలే ఆ నీటిని గొట్టంలోకి నెడుతుంది. హ్యాండిల్ ఎత్తితే అడుగు వాల్వు, అంటే నీళ్లు వెనక్కి జారకుండా పంపు అడుగున ఉండే మూత, మూసుకుంటుంది, పిస్టన్ కిందికి దిగుతూ నీటిని తన పైకి వదులుతుంది. మళ్లీ నొక్కితే ఆ నీళ్లే బయట పడతాయి.

ముందుగా తాడుకు రాయి కట్టి, పంపు నుంచి నీటి మట్టం దాకా కొలవండి. సముద్ర మట్టం దగ్గర గాలి నీటిని సుమారు 10.3 మీటర్లకు మించి నెట్టలేదు. ఈ హద్దు సంగతి 1638లోనే గెలీలియో రాశాడు, కారణం గాలి బరువేనని కొన్నేళ్లకు ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి తేల్చాడు. మన పంపుల్లో అతుకులు, వాషర్లు అంత బిగువుగా ఉండవు కాబట్టి 7 మీటర్లు, అంటే 23 అడుగులు దాటితే ఆశ పెట్టుకోవద్దు. పైన మోటారు బిగించినా ఇదే లెక్క. ఎక్కువ హార్స్‌పవర్ మోటారు కొంటే సరిపోతుందనుకోవడం డబ్బు దండగ. నీళ్లు తగ్గినప్పుడు రైతులు మోటారును బావిలోపలి గట్టు మీదికి దించేది అందుకే.

లోతు సరిగ్గా ఉంటే పై నుంచి చెంబెడు మంచినీళ్లు పోసి గబగబా కొట్టండి. పిస్టన్‌కు ఉండే తోలు వాషరు ఆరిపోయి ఉంటే తడిసి ఉబ్బి, సందు మూసుకుంటుంది. కాలవ నీళ్లో, మురికి నీళ్లో మాత్రం పోయకండి, ఆ మురికి తాగే నీళ్లలో కలుస్తుంది.

అయినా రాకపోతే హ్యాండిల్ నొక్కి వదలండి. దానంతటదే ఎగిరి పైకి వచ్చిందా? పంపు గాలిని బాగానే తీస్తోంది, నీళ్లే అందడం లేదు. గొట్టం అడుగున ఉండే జల్లెడ పూడిందేమో, మట్టం దిగిపోయిందేమో చూడండి. పట్టు లేకుండా వదులుగా ఆడితే గాలి దూరుతున్నట్టు.

అప్పుడు పంపు విప్పక తప్పదు. వాషరు అరిగినా చిరిగినా కొత్తది వేయండి. బిగించే ముందు దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గిన్నెలా ఉండే దాని నోరు పైకి ఉండేలా పెట్టాలి. తిరగబడితే కొత్త వాషరైనా నీటిని పట్టదు. విప్పారు కాబట్టి అడుగు వాల్వు కింద ఇసుక రేణువులు కూడా తుడిచేయండి. కొట్టగానే నీళ్లొచ్చి, కాసేపు ఆపితే మళ్లీ పోయాల్సి వస్తోందంటే దోషం చాలాసార్లు ఆ వాల్వుదే. చివరగా గొట్టం అతుకులకు సబ్బు నురగ రాసి కొట్టించండి. నురగ లోపలికి పోయిన చోట టేపు చుట్టి బిగించాలి.

ఇన్నీ చేశాక కూడా ఏటా ఎండాకాలంలో పంపు మొరాయిస్తుంటే తప్పు పంపుది కాదు. పిస్టన్ ఆడే సిలిండర్ నీళ్లలోనే ఉండే ఇండియా మార్క్ 2 లాంటి పంపు వేయించుకోండి. అది నీటిని కింది నుంచే ఎత్తుతుంది కాబట్టి దానికి ఈ 7 మీటర్ల హద్దు వర్తించదు.