కలిసి అమ్ముకోవడం – మూడో పాఠం: కాటా మన చేతికి

మొదటి పాఠంలో ఊళ్ళో ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో లెక్క రాయమన్నాం. రెండో పాఠంలో పన్నెండు, పదమూడు ఇళ్ళవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టమన్నాం. ఆ రెండు పనులూ అయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. కాటా ఎక్కడైనా అద్దెకు దొరుకుతుంది. దాని చుట్టూ రోజంతా నిలబడే ఐదుగురు అప్పటికప్పుడు దొరకరు.

అప్పిచ్చి పంట కొనే వ్యాపారి పట్టు శెనక్కాయ రైతు మీద మూడు చోట్ల పడుతుంది: జూన్‌లో విత్తనానికి తెచ్చిన అప్పు, నవంబరులో కళ్ళం దగ్గర పెట్టే కాటా, ఇవాళే అమ్ముకోక తప్పని అవసరం. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అప్పిచ్చినవాడే కాటా తెస్తాడు, వాన మబ్బు కనిపించినప్పుడే ధర చెబుతాడు. మేము కాటాతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. అప్పు తీర్చడానికి డబ్బు కావాలి, పంట ఆపుకోవడానికి గోడౌన్ కావాలి. కాటాకు ఆ రెండూ అక్కర్లేదు. పైగా ఫలితం అదే రోజు రూపాయల్లో కనిపిస్తుంది. మొదటిసారి కలిసినవాళ్ళకు కావలసింది అదే.

సంఘం అనగానే కొందరు రిజిస్ట్రేషనూ, బోర్డూ, రబ్బరు స్టాంపూ అంటూ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం వేరువేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. అంత తేలిక కాబట్టే దానికి తొందర లేదు. ఒక లారీ సరుకు కలిసి అమ్మి, డబ్బు తగాదా లేకుండా పంచుకున్నాక రిజిస్ట్రేషన్‌కు వెళ్ళండి. ముందు కాగితం పుట్టి తర్వాత మనుషుల కోసం వెతుక్కునే సంఘాలు అధ్యక్షుడి ఇంటి గోడ మీద బోర్డుగా మిగిలిపోతాయి.

ఎంత పోతోంది?

అందరి ముందూ, పలక మీద ఈ లెక్క వేయండి. ఎనిమిది క్వింటాళ్ళు పండిన రైతును తీసుకుందాం. మూటకు 40 కిలోల చొప్పున 20 మూటలు. గోనె సంచికని ఒక కిలో, తరుగని ఇంకో కిలో తీసేస్తారు. ఖాళీ సంచి నిజంగా 600 గ్రాములు ఉందనుకుంటే, సంచి పేరుతో 400 గ్రాములు, తరుగు పేరుతో కిలో, వెరసి మూటకు 1.4 కిలోలు పోయింది. కాటా మీద 40 కిలోల 700 గ్రాములు చూపిస్తే పైన ఉన్న 700 గ్రాములు రాయరు. ఇలా కిలో లోపువి వదిలేయడం వల్ల సగటున మూటకు అర కిలో. మొత్తం 1.9 కిలోలు. ఇరవై మూటలకు 38 కిలోలు. క్వింటాలు 6,000 రూపాయలు పలికితే 2,280 రూపాయలు. అదే లారీ లోడు, అంటే 250 మూటలకు 475 కిలోలు, 28,500 రూపాయలు. కాటాలో ఏ మోసమూ లేకపోయినా పోయేదే ఇది.

మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి. అనంతపురం జిల్లాలోనే ఉరవకొండ వైపు మూట బరువూ కళ్యాణదుర్గం వైపు మూట బరువూ ఒకటి కాకపోవచ్చు. అందుకే మూటల్లో మాట్లాడుకోవడం మానేసి కిలోల్లోకి రండి. ఖాళీ సంచులు పది కలిపి తూచి పదితో భాగించండి. ఒక్క సంచిని తూస్తే తడిదో, మట్టి పట్టినదో దొరికి లెక్క తప్పుతుంది.

కాటా పరీక్ష

ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికొకసారి తనిఖీ చేసి సీలు వేయాలి. ఇనుప రాళ్ళకైతే రెండేళ్ళకొకసారి. అద్దెకు తెచ్చేటప్పుడే సీలూ, సర్టిఫికెట్ మీద తేదీ చూడండి. సీలు ఉన్నంత మాత్రాన వదిలేయొద్దు, కళ్ళం దగ్గర మళ్ళీ పరీక్షించాలి.

నేల చదును చేసి కింద మందపాటి పలక వేయండి. మెత్తటి ఎర్రమట్టిలో పెడితే పది మూటలయ్యేసరికి ఒక కాలు దిగబడి అంకె తేడా వస్తుంది. కాటాకు నీటి బుడగ ఉంటే అది నడిమికి రావాలి. సున్నా చూశాక సీలున్న 20 కిలోల రాయిని కాటా పలక నాలుగు మూలల్లో ఒక్కోచోట పెట్టి చదవండి, తర్వాత నడిమిన. ఐదుసార్లూ ఒకే అంకె రావాలి. ఒక మూలన 100 గ్రాములు తేడా వచ్చినా ఆ కాటా వెనక్కి పంపండి. మూట ఎప్పుడూ సరిగ్గా నడిమినే పడదు, మోసేవాళ్ళు అలసిపోయేకొద్దీ మూలకే పడుతుంది.

రాయి దొరక్కపోతే నీళ్ళు వాడండి. లీటరు నీళ్ళు కిలో బరువు. ఖాళీ క్యాను పెట్టి కాటాను సున్నా చేసి, ముద్ర ఉన్న లీటరు కొలతతో ఇరవై లీటర్లు పోస్తే 20 కిలోలు చూపాలి. వ్యాపారి తెచ్చిన కాటానూ ఇలాగే పరీక్షిస్తామని ముందు రోజే చెప్పండి. నిజాయితీపరుడు ఏమీ అనడు. ఇంకొకడు వేరే కాటా తెస్తాడు, అదీ మంచిదే.

పొద్దున చేసిన పరీక్ష మధ్యాహ్నానికి పనికిరాదు. ఎండకు, దుమ్ముకు, బ్యాటరీ దిగిపోవడానికి అంకె జరుగుతుంది. ప్రతి 25 మూటలకు ఒకసారి రాయి పెట్టి చూడండి. గాలి విసురుగా ఉంటే పట్ట అడ్డం కట్టండి. లేకపోతే అంకె ఆడుతూనే ఉంటుంది, ఆడే అంకెలో చిన్నదాన్నే అవతలివాడు పైకి చదువుతాడు.

ఎవరు ఏం చేయాలి

ఒకరు మూటను కాటా మీద సర్దుతారు. ఒకరు అంకెను గట్టిగా చదువుతారు, గ్రాములతో సహా: "నలభై, ఏడొందలు". ఇద్దరు వేరువేరు పుస్తకాల్లో రాస్తారు. ఐదోమనిషి మూటకు చీటీ కట్టి దబ్బనంతో కుడతాడు. రాసే ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు. ఒకరి పుస్తకంలోకి ఇంకొకరు చూసి రాస్తే రెండు పుస్తకాలు ఉండీ లాభం లేదు. పది మూటలకొకసారి ఇద్దరి మొత్తాలూ సరిచూసి, తేడా వస్తే ఆ పదీ మళ్ళీ తూచాలి. నూరు మూటలయ్యాక తేడా బయటపడితే ఎవరూ మళ్ళీ దించరు.

రాసే పనికి పొదుపు సంఘంలో లెక్కలు చూసే ఆడవాళ్ళను పెట్టండి. నెలనెలా పది పదిహేను మంది కంతులు తప్పు లేకుండా రాసే చెయ్యి వాళ్ళది. చాలా ఊళ్ళల్లో ఈ పనికి మగపిల్లల్ని వెతుకుతారు, ఎందుకో తెలియదు.

హమాలీల కూలి ముందే మాట్లాడి కాగితం మీద పెట్టండి. తూకంలో మిగిలిన డబ్బును హమాలీ కూలిలో కోత పెట్టి ఇంకా పెంచుకుందామనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయాలి. మూట మోసేవాడు మనతో లేకపోతే మూట ఎక్కడ పడాలో నిర్ణయించేది వ్యాపారి.

లారీని వే బ్రిడ్జి మీద ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూయించండి. రెండుసార్లూ మన మనిషి వెంట ఉండాలి. ఖాళీ లారీ తూచేటప్పుడు క్యాబిన్‌లో ఇద్దరు కూర్చుని, లోడుతో తూచేటప్పుడు దిగిపోతే ఆ ఇద్దరి బరువూ మన సరుకులోంచి పోతుంది. వే బ్రిడ్జి బరువులోంచి సంచుల బరువు తీసేస్తే మన పుస్తకం మొత్తానికి దగ్గరగా రావాలి. పెద్ద తేడా కనిపిస్తే లారీ అక్కడే ఆగాలి, ఊరు దాటాక అడిగేవాడు ఉండడు.

మచ్చు

ధర దగ్గర అసలు బేరం జరిగేది గింజ మీద. వ్యాపారి పై మూటలోంచి గుప్పెడు తీసి, నాలుగు కాయలు చిట్లించి, "తాలు ఎక్కువుంది" అంటాడు. ఆ గుప్పెడు ఎవరు తీశారన్నదే తేడా. మచ్చు, అంటే పరీక్షకు తీసే నమూనా, మనమే తీయాలి, అవతలివాళ్ళ కళ్ళముందే.

ఒక రైతు కుప్పలో పైన, నడుమ, అడుగున, పక్కల నుంచి తీసి పట్ట మీద పోయండి. బాగా కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి తీసేయండి. మళ్ళీ కలపండి, మళ్ళీ భాగాలు చేయండి. కిలో దాకా మిగిలేవరకు ఇలాగే. అందులోంచి మట్టీ రాళ్ళూ ఏరి, వాటి బరువు వేరే రాసి, 200 గ్రాముల కాయలు తూచి ఒలవండి. గింజ బరువు 140 గ్రాములు వస్తే నూటికి 70 అన్నమాట. ముడుచుకున్న గింజను వేరుచేసి తూయండి, దాని మీదే వాదన వస్తుంది కాబట్టి. దీనికి వంద రూపాయల వంటింటి కాటా కాకుండా గ్రాము తేడా పట్టే బంగారం అంగడి రకం చిన్న కాటా కావాలి.

గింజ కిలో 90 రూపాయలు పలుకుతున్న రోజున, నూటికి 70 అనేదానికీ 68 అనేదానికీ క్వింటాలు కాయల మీద 180 రూపాయలు తేడా. నోటిమాటతో తేల్చే విషయం కాదిది.

ఇంక తేమ. మద్దతు ధరకు కొనేచోట నూటికి 8 దాటకూడదంటారు. మీటరు లేకపోతే కాయ ఊపి చూడండి. లోపల గింజ గలగలమనాలి, వేళ్ళ మధ్య నలిపితే పైపొట్టు ఊడిరావాలి. పీకిన రోజున కాయలో బరువులో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది, తొందరపడి మూట కడితే బూజు పడుతుంది. ఆ బూజుల్లో ఒకటి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఆ విషం పరీక్షలో తేలితే మిల్లువాడు ధర తగ్గించడం మాత్రమే కాదు, లారీ మొత్తం తిప్పి పంపుతాడు.

గుంపు విడిపోయేది ఇక్కడే. పన్నెండు మంది బాగా ఎండబెట్టి తెస్తారు, ఒకరు బరువు కోసం నీళ్ళు చల్లి తెస్తారు, లారీ మొత్తానికి అతని ధరే పడుతుంది. దీనికి మందు ఒకటే: కలపకముందే ఎవరి కళ్ళంలో వాళ్ళ సరుకు పరీక్షించి మూడు రకాలుగా విడదీయడం. మూటలకు మూడు రంగుల పురికొస. డబ్బు పంచేటప్పుడు రకం ధరను బరువుతో గుణించి ఎవరిది వాళ్ళకు. తడి సరుకు తెచ్చినవాణ్ణి తిట్టి పంపొద్దు. రెండు రోజులు ఎండబెట్టి మళ్ళీ పరీక్షకు రమ్మనండి. మొహమాటపడి కలిపేసుకుంటే వచ్చే ఏడు పన్నెండు మందీ రారు.

అవతలివాళ్ళ ఎత్తులు

బేరానికి ముగ్గురు వెళ్ళాలి, ఒక్కరు ఎప్పుడూ వద్దు. ఆ ముగ్గురూ మాట్లాడతారే తప్ప ఒప్పుకోరు. ఒప్పుకునేది కళ్ళం దగ్గర అందరూ. వెళ్ళేముందు రోజు కర్నూలు, ఆదోని యార్డుల్లో పలికిన ధర రాసుకోండి. కనిష్ఠం, గరిష్ఠం కాకుండా ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది చూడండి. గరిష్ఠం ఏ నాలుగు మూటలకో పలికి ఉంటుంది. 2025–26 పంటకు మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలుగా ప్రకటించారు. మద్దతు ధరకు కొనేచోట అమ్మాలంటే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరుండాలి. కౌలురైతులైతే సాగుదారు హక్కుల కార్డు సంగతి విత్తనం వేసినప్పుడే చూసుకోవాలి, నవంబరులో పరిగెత్తితే కాదు.

మొదటి ఎత్తు, గుంపులో ఒకరి ఇంటికి రాత్రిపూట వెళ్ళి నూరు రూపాయలు ఎక్కువ ఇస్తాననడం. అతను ఆ సంగతి తెల్లారి అందరికీ చెప్పాలనేది ముందే కట్టుబాటుగా పెట్టుకోండి. "అదే ధర 250 మూటలకూ ఇవ్వు" అని అందరూ అడిగితే ఎత్తు తిరగబడుతుంది. రెండోది, ఒప్పుకున్నాక లారీ పంపకుండా వాన వచ్చేదాకా నానబెట్టడం. బయానా పావు వంతుకు తగ్గకుండా తీసుకుని, ఫలానా రోజు సాయంత్రం దాటితే బేరం రద్దని రాయించుకోండి. మూడోది, మిల్లు చేరాక "సరుకు బాగాలేదు" అని ఫోన్. అందుకే మచ్చులో సగం రెండు పొట్లాలుగా కట్టి, ఇద్దరి సంతకాలతో సీలు వేసి, ఒకటి మనదగ్గర ఉంచుకోవాలి. మిగతా డబ్బు లారీ కదలకముందే ఎవరి ఖాతాలో వాళ్ళకు పడాలి. ఒకరి ఖాతాలో పడి అక్కడి నుంచి పంచడం వద్దే వద్దు, ఎంత మంచివాడైనా సరే.

నాలుగోది కష్టమైనది: బాకీ ఇప్పుడే కట్టమనడం. నూటికి రెండు రూపాయల వడ్డీకి 30,000 తెచ్చిన రైతు ఐదు నెలలకు 3,000 వడ్డీ కడతాడు. పంట తనకే అమ్మాలన్న షరతుతో క్వింటాలుకు 300 తగ్గించి కొంటే ఎనిమిది క్వింటాళ్ళ మీద ఇంకో 2,400. కలిపితే 5,400, అంటే నిజంగా పడిన వడ్డీ నూటికి మూడు రూపాయల అరవై పైసలు. ఈ లెక్క అందరికీ చూపించండి. కానీ మొదటి ఏడే తెగతెంపులకు పోవద్దు. గుంపు చేతిలో ఆ 30,000 లేదు. బాకీ ఉన్నవాళ్ళు బాకీకి సరిపడా మూటలు వ్యాపారికే వేసి, మిగిలినవి మాత్రమే గుంపులో కలపాలి. వ్యాపారికి వేసే మూటలు కూడా మన కాటా మీదే తూగాలి. ఇది పిరికితనమని కుర్రాళ్ళు అంటారు. అననివ్వండి, బాకీదారుణ్ణి వచ్చే జూన్‌లో ఒంటరిగా వదిలేయడం ధైర్యమేమీ కాదు.

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్ళు తదితరులు కలిసి పెట్టిన సహకార కొట్టు కూడా సరైన తూకంతో, కల్తీ లేని సరుకుతోనే నిలదొక్కుకుంది. మన దగ్గర చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో ధరణి రైతు సహకార సంఘం సభ్యుల పంటను కొని, శుభ్రం చేసి తానే అమ్ముతోంది. గోడౌన్, ఒలిచే మిషను లాంటివి ఆ స్థాయిలో వస్తాయి, వాటి సంగతి ఐదో పాఠంలో.

నాలుగో పాఠం బాకీ గురించి. దానికి రాకముందు మీ లారీ లెక్క ఒక కాగితం మీద ఉండాలి: పాత పద్ధతిలో అయితే ఎన్ని కిలోలు పోయేవి, ఇప్పుడు ఎన్ని మిగిలాయి, ఎవరికి ఎంత. మిగిలినదాంట్లోంచి క్వింటాలుకు యాభై రూపాయలు పక్కన పెట్టడానికి ఎంతమంది ఒప్పుకున్నారో వాళ్ళ పేర్లు కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళ పేర్లు రాయొద్దు.