లోక్ అదాలత్‌కి వెళ్ళేముందు మీ లాయర్ని ఇవి అడగండి

నేషనల్ లోక్ అదాలత్, అంటే కోర్టు కేసుల్ని రాజీతో తేల్చే రోజు, దగ్గర పడిందంటే వారం ముందు నుంచే లాయర్ గుమస్తాల ఫోన్లు మొదలవుతాయి, "అమ్మా శనివారం రండి, మీ కేసు రాజీ అయిపోతుంది, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి" అని. ఎంతకి రాజీ, అవతలివాళ్ళు మొదట ఎంత అన్నారు, ఇవేవీ చెప్పరు. నేనూ లాయర్నే, మావాళ్ళకి కోపం వచ్చినా సరే చెప్తున్నా, ఆ ఫోన్‌లోనే అంకె అడగండి. శనివారం బెంచి ముందు జనం తోసుకుంటూ ఉంటారు, అక్కడ ఆలోచించుకునే టైం ఉండదు.

కేసు ఎలా నడపాలో లాయర్ చూసుకుంటాడు, కానీ ఎంతకి ఒప్పుకోవాలనేది పార్టీ, అంటే కేసు ఉన్న మీరు, చెప్పాల్సిన మాట. క్లయింట్ గానీ, క్లయింట్ అధికారం ఇచ్చిన మనిషి గానీ చెప్పినట్టే నడుచుకోవాలి, ఇంకెవరి మాటా పట్టుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లోనే ఉంది. మనదగ్గర జరిగేదేంటంటే కేసు తెచ్చిన బావగారో, మధ్యవర్తో లాయర్‌తో మాట్లాడేసుకుంటారు, అసలు పార్టీకి చివర్లో తెలుస్తుంది. నాతో తప్ప ఇంకెవరితోనూ రాజీ మాట్లాడొద్దని లాయర్‌కి ముందే చెప్పేయండి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టినా చాలు, రేపు చూపించుకోడానికి ఉంటుంది.

ఇంకోటి, వకాలత్, అంటే మీ తరఫున వాదించమని లాయర్‌కి ఇచ్చే అధికార పత్రం. కేసు వేసేరోజు సంతకం పెట్టిన ఆ అచ్చు ఫారం ఎవరూ చదవరు, నేను కూడా నా సొంత కేసులో చదవలేదు లెండి. చాలా ఫారాల్లో రాజీ చేసుకోడానికి, డబ్బు తీసుకోడానికి కూడా అధికారం ఇస్తున్నాం అని ఉంటుంది. లాయర్ సంతకంతో చేసిన రాజీ కూడా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, మళ్ళీ 2015లో క్లయింట్ స్పష్టంగా చెప్పకుండా లాయర్ అతని హక్కులు వదులుకోకూడదని గట్టిగానే చెప్పింది. రెండూ కలిపి చూస్తే మనకి అర్థమయ్యేది ఒకటే, ఆ లైను ఇష్టం లేకపోతే మొదటిరోజే కొట్టేయించి పక్కన సంతకం పెట్టండి. తర్వాత నేను ఒప్పుకోలేదండీ అంటే నిరూపించుకోడం నరకం.

ఎందుకింత భయపెడుతున్నానంటే, లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు, మీద అప్పీలు లేదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, అదే ఫైనల్. హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు కానీ ఏ మోసమో జరిగిందని చూపిస్తే తప్ప అక్కడ కూడా దాదాపు పని జరగదు. మామూలు కోర్టులో రాజీ డిక్రీకి కూడా అప్పీలు ఉండదు.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒకావిడ, భర్త యాక్సిడెంట్‌లో పోయాడు, మెమో (రాజీ షరతులు రాసిన కాగితం) మీద వేలిముద్ర వేయబోతూ ఆగి "వడ్డీ కూడా ఇందులోనేనా బాబూ" అని అడిగింది. నేను సీనియర్ వైపు చూశా, ఆయన ఇన్సూరెన్స్ లాయర్ వైపు చూశాడు. మెమోలో ఉన్నది మూడు లైన్లు, అందులో వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపే అని ఇంగ్లీషులో ఉంది, ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు. లెక్క వేసి చూడండి, ఉదాహరణకి 6 లక్షల మీద 4 ఏళ్ళకి 7 శాతం వేసుకున్నా 1 లక్షా 68 వేలు. ఆ ఒక్క ప్రశ్న ఖరీదు అది. అందుకే మెమో తెలుగులో చదివించుకోండి, అంకె అక్షరాల్లో కూడా రాయించండి, ఎన్ని రోజుల్లో ఎవరి అకౌంట్‌లో వేస్తారో అందులో ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే మాత్రం లేచి వచ్చేయండి.

"ఈరోజు ఒప్పుకోకపోతే కేసు పోతుంది" అంటారు, నమ్మొద్దు. లోక్ అదాలత్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు, రాజీ కుదరకపోతే ఫైలు తిరిగి అదే కోర్టుకి వెళ్తుంది. పర్మనెంట్ లోక్ అదాలత్ అని వేరేది ఒకటుంది, అది మాత్రం రాజీ కుదరకపోయినా కొన్ని కేసుల్లో తీర్పు ఇవ్వగలదు, మీ నోటీసు దేని నుంచి వచ్చిందో చూసుకోండి. వాటాల్లో మైనర్ పిల్లలు ఉంటే కోర్టు అనుమతి లేకుండా వాళ్ళ తరఫున రాజీ చేయకూడదు, ఇది హడావిడిలో మర్చిపోతుంటారు.

ఫీజు విషయం మొహమాటం లేకుండా మాట్లాడేయండి. వచ్చినదాంట్లో ఇంత శాతం అని లాయర్ మాట్లాడుకోవడమే రూల్స్‌కి విరుద్ధం, అయినా యాక్సిడెంట్ కేసుల్లో అదే నడుస్తుందని అందరికీ తెలుసు. శాతం మీద బతికే లాయర్‌కి ఇవాళే కేసు తెమిలితే హాయి, మీకేమో ఇంకో ఏడాది ఆగితే ఎక్కువ రావొచ్చు, సలహా వినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీ తరఫున డబ్బు అందితే వీలైనంత త్వరగా మీకు చెప్పాలి, అడిగితే లెక్క కాపీ ఇవ్వాలి, ఇవి కూడా రూల్సే. ఇవ్వకపోతే స్టేట్ బార్ కౌన్సిల్‌కి అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద కంప్లయింట్ రాయొచ్చు. అది రాయాలన్నా చేతిలో కాగితం ఉండాలి కాబట్టి ఆ సాయంత్రం అవార్డు కాపీ అడిగి తీసుకునే ఇంటికి రండి.