పాట కొనాలా, చందా కట్టాలా?
రాయగడ నుంచి గుణుపురం వైపు జీపు తోలేవాణ్ణి. కొండల్లో సిగ్నల్ ఉండదు, ప్యాసింజర్లకేమో పాట కావాలి. నెలనెలా చందా కట్టే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోదా అంటారు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో మోగదు, చందా ఆపితే పాటా పోతుంది. అందుకే వచ్చే ఏడాది కూడా వింటామనుకున్న పాటలే కొనండి. సీజన్ హిట్లకు డబ్బు దండగ.

ముందు ఫార్మాట్ చూడండి, అంటే పాట ఏ రకం ఫైలుగా వస్తుందో. యాపిల్ వాళ్ల పాటల దుకాణం ఐట్యూన్స్‌లో కొన్నది 256 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్ల డేటా) ఏఏసీ రకం ఫైలు. కాపీ చేసుకోవచ్చు గానీ, కొన్ని పాత కారు స్టీరియోలు దాన్ని చదవవు. పాటలు అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఎంపీ3, ఫ్లాక్ (నాణ్యత తగ్గించని పెద్ద ఫైలు) రెండూ ఇస్తారు. ఇంజిన్ మోతలో ఫ్లాక్ ఎందుకు చెప్పండి? 320 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, ఐదు నిమిషాల పాట దాదాపు 12 ఎంబీ. ధర డాలర్లలో ఉంటే బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. కొన్నాక ఇంకో కాపీ ఇంట్లో మెమరీ కార్డులో పెట్టేయండి.