హాల్ రోడ్డుకు వానాకాలం చిట్కా

ఓపెన్‌కాస్ట్ గనిలో (పైనుంచి తవ్వే గని) హాల్ రోడ్డు, అంటే డంపర్లు సరుకు మోసే దారి, గుంతలు పడితే చాలామంది పైన మెటల్ (కంకర) పోసి గ్రేడర్ (నేల చదును చేసే యంత్రం) తిప్పేస్తారు. వారం తిరక్కుండా మళ్లీ అదే గుంత. ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. రోడ్డు మధ్య కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ 2-3 శాతం వాలు ఉండాలి. అంచున పోసిన మట్టికట్టలో అక్కడక్కడా గండ్లు వదలకపోతే రోడ్డే కాలువైపోతుంది, ఇది తరచూ మరిచిపోయే పని!

100 టన్నులు మోసే డంపర్ లోడుతో 150 టన్నులు దాటుతుంది. అందులో మూడింట రెండు వంతుల బరువు వెనక టైర్ల మీదే పడుతుంది. కింద నల్లరేగడి ఉంటే ఎంత మెటల్ పోసినా మింగేస్తుంది. దాన్ని తీసేసి, ఓబీలో (ఖనిజం పైనున్న, తవ్వి తీసేసే మట్టి, రాయి) వచ్చే గట్టి రాయిని పొరలు పొరలుగా పరిచి, ఒక్కో పొరనూ రోలర్‌తో బాగా తొక్కించాలి. ఇసుకరాయి మెత్తటిదైతే పై పొరకు వాడకండి, చక్రాల కింద పిండైపోతుంది.

రోడ్డు మెత్తబడి రోలింగ్ రెసిస్టెన్స్ (చక్రం దొర్లడానికి రోడ్డు ఇచ్చే అడ్డు) 1 శాతం పెరిగితే, బండికి 1 శాతం ఎక్కువ వాలు ఎక్కినంత శ్రమ. డీజిల్ బిల్లులో తేడా అక్కడే తెలుస్తుంది.